తిమ్మిరెక్కిన కాలు



కిందటి నెల ఒక ఆదివారంనాడు నేను వసారాలో కూర్చుని పత్రిక చదువుకుంటున్నాను. మా మనవడూ, వాడి స్నేహితుడూ దొడ్లో ఏదో ఆడుకుంటున్నారు. కొంతసేపటికి మనవడు పరుగెత్తుకుంటూ వచ్చి, "తాతయ్యా, వీడి చెయ్యి చూడు!" అన్నాడు.

వెనకనే ఆ కుర్రవాడు వచ్చాడు. వాడికి పదమూడేళ్ళుంటాయి. కుడిచేతికి, జబ్బకు పైన, పురికొస నాలుగు చుట్లు చుట్టి బిగించి ముడి వేసుకున్నాడు. కట్టుకు కింది చెయ్యంతా కందిపోయి నేరేడుపండు రంగుకు తిరుగుతున్నది. మనం నరాలంటామే, అవి త్రాళ్ళలాగా ఉబ్బి పైకి లేచాయి. ముడి విప్పబోతే రాలేదు. నేను కత్తెర తెచ్చి, చర్మం తెగకుండా జాగ్రత్తగా పురికొసను కత్తిరించాను.

"ఇదేమి పనిరా నాయనా?" అని అడిగాను.

వాడు సిగ్గుపడుతూ, "ఫోనులో చూశానండీ మాస్టారూ! చేతికి పట్టీ బిగించుకుంటే చిన్న బరువు ఎత్తినా చాలునట. పెద్ద బరువు ఎత్తినట్టే కండలు పెరుగుతాయట. మా ఇంట్లో పట్టీ లేదు గదా అని పురికొస కట్టుకుని ఇటుక ఎత్తుతున్నాను," అన్నాడు.

"అది నిజమేనా, తాతయ్యా?" అన్నాడు మనవడు.

నేను "అంతా అబద్ధం" అని చెప్పి ఉంటే పని తేలికయ్యేది. కాని అది అబద్ధం కాదు. అందులో నిజమున్నది. అయితే ఆ నిజం సగమే తెలిసినవాడికి చెయ్యి పోయే ప్రమాదం కూడా ఉన్నది. అందుకని ఆ పిల్లలిద్దరినీ పక్కన కూర్చోబెట్టుకుని మొదటినుంచీ చెప్పాను. అదే ఈ నెల మీకూ చెబుతున్నాను. మీ అమ్మా నాన్నలు కూడా చదివితే మంచిది.

జపాను కుర్రవాడు

1966లో జపాను దేశంలో యొషియాకి సాతో అనే పద్ధెనిమిదేళ్ళ విద్యార్థి ఉండేవాడు. అతనికి కండలు పెంచాలని మహా సరదా. ఒకనాడు అతను బౌద్ధుల సంస్మరణ పూజ ఒకదానికి వెళ్ళాడు. అక్కడ అందరూ మోకాళ్ళు ముడిచి, మడమలమీద కూర్చోవాలి. మన వజ్రాసనం వంటిదే. పూజ చాలాసేపు సాగింది. కాళ్ళు తిమ్మిరెక్కి, పిక్కలు నొప్పి పుట్టాయి. ఇక ఓర్చుకోలేక అతను పిక్కలు పిసుక్కోవడం మొదలుపెట్టాడు.

అప్పుడతనికి ఒక సంగతి తట్టింది. పిక్కలు ఉబ్బి గట్టిగా ఉన్నాయి. బరువులతో పిక్కలకు బాగా కసరత్తు చేసిన తరువాత ఎలా ఉంటాయో అచ్చం అలాగే ఉన్నాయి! "నేను ఊరికే కూర్చున్నాను గదా! కసరత్తు చేసినట్టు ఎందుకున్నాయి?" అనుకున్నాడు. ముడుచుకుని కూర్చున్నందువల్ల కాళ్ళలో రక్తం సరిగా పారలేదు. దానివల్లనే ఇలా అయిందేమోనని ఊహించాడు.

పిల్లలూ, కాలు తిమ్మిరెక్కడం మనందరికీ తెలుసు. కాలు విదిలించుకుని లేచి పోతాము. సాతో మాత్రం ఎందుకని అడిగాడు. ఆ రోజునుంచీ సైకిలు ట్యూబులూ, త్రాళ్ళూ, జూడో పటకాలూ చేతులకూ కాళ్ళకూ చుట్టుకుని, చిన్న బరువులతో కసరత్తు చేస్తూ, ఎంత బిగిస్తే ఏమవుతున్నదో చూసుకోసాగాడు.

ఇక్కడ ఒక మాట గుర్తు పెట్టుకోండి. ఫోనులో ఈ మాట చెప్పేవాళ్ళు చాలామంది చెప్పరు. 1967లో సాతో మితిమీరి బిగించుకున్నాడు. లోపల రక్తం గడ్డకట్టింది. ఆ గడ్డ ఊపిరితిత్తులలోకి పోయి అడ్డుపడింది. అతను ఆసుపత్రి పాలయ్యాడు. అటువంటి గడ్డ ప్రాణం తీయగలదు. అతను అదృష్టవశాత్తూ బ్రతికాడు.

1973లో అతను మంచుమీద జారే ఆట ఆడుతూ పడి, చీలమండ విరగ్గొట్టుకున్నాడు. మోకాలి కట్లు కూడా దెబ్బతిన్నాయి. కాలికి కట్టు వేసి ఉంచారు. కాలు కదలకుండా కొన్ని వారాలుంటే కండ కరిగిపోయి, కాలు కర్రపుల్లలాగా అవుతుంది. సాతో రోజుకు మూడుసార్లు తొడకు పట్టీ కొద్దిసేపు బిగించడం, వదలడం, మళ్ళీ బిగించడం చేస్తూ వచ్చాడు. తన కండ కరగలేదనీ, డాక్టర్లు అనుకున్నదానికంటే చాలా ముందుగా తాను కోలుకున్నాననీ, వాళ్ళు ఆశ్చర్యపోయారనీ అతను తరువాత రాసుకున్నాడు. తన పద్ధతికి "కాత్సు" అని పేరు పెట్టుకున్నాడు. జపాను భాషలో దానికి "ఒత్తిడి చేర్చడం" అని అర్థం.

హార్వే కట్టిన కట్టు

ఇంతకూ చేతికి కట్టు కడితే లోపల ఏమవుతుంది? దీన్ని 400 ఏళ్ళ కిందటనే ఒకాయన చేసి చూపించాడు. ఆయన ఇంగ్లండులో రాజవైద్యుడు, పేరు విలియం హార్వే. ఆయన పుస్తకం 1628లో అచ్చయింది.

అంతకుముందు డాక్టర్లు, రక్తం కాలేయంలో తయారై శరీరమంతటా వెళ్ళి అక్కడే ఖర్చయిపోతుందని అనుకునేవారు. హార్వే లెక్క వేశాడు. గుండె ఒక అరగంటలో బయటికి నెట్టే రక్తం, శరీరంలో ఉన్న మొత్తం రక్తం కంటే ఎక్కువని తేలింది. అంత రక్తం ఎప్పటికప్పుడు కొత్తగా తయారు కావడం అసాధ్యం. కనక ఉన్న రక్తమే గుండెనుంచి వెళ్ళి, మళ్ళీ గుండెకు తిరిగి వస్తూ ఉండాలి.

గుండెనుంచి రక్తాన్ని తీసుకుపోయే గొట్టాలు ధమనులు. తిరిగి తెచ్చే గొట్టాలు సిరలు. ధమనులు కండ లోతున ఉంటాయి. వాటి గోడలు మందం. గుండె నెట్టే వేగం వాటిలో ఉంటుంది గనక వాటిలో ఒత్తిడి ఎక్కువ. సిరలలో కొన్ని చర్మానికి దగ్గరగా ఉంటాయి. వాటి గోడలు పలచన, ఒత్తిడి తక్కువ. మన చేతులమీద పచ్చగా కనిపించి, మనం నరాలని పిలుచుకునేవి ఈ సిరలే.

హార్వే ఒక మనిషి చేతికి ముందు చాలా గట్టిగా కట్టు కట్టాడు. మణికట్టు దగ్గర నాడి ఆగిపోయింది. చెయ్యి ఉబ్బలేదు, మెల్లగా చల్లబడింది. ధమని కూడా మూసుకుపోయింది గనక రక్తం లోపలికి రావడమే లేదన్నమాట. తరువాత కట్టు కొంచెం వదులు చేశాడు. వెంటనే రక్తం జివ్వున చేతిలోకి దిగింది. నాడి ఆడింది. కాని ఈసారి చెయ్యి ఎర్రబడి ఉబ్బిపోయింది. సిరలు త్రాళ్ళలాగా లేచాయి. ఎందుకని? వదులైన కట్టు ధమనిని ఆపలేదు, సిరను మాత్రం ఆపింది. వచ్చే దారి తెరిచి ఉన్నది, పోయే దారి మూసి ఉన్నది.

ఆసుపత్రిలో మీకు రక్తం తీసేటప్పుడు నర్సు మోచేతికి పైన రబ్బరు పట్టీ కడుతుందే, అది ఈ రెండో కట్టే. సిర ఉబ్బి కనబడితే సూది గుచ్చడం తేలిక. పని కాగానే ఆమె పట్టీ లాగేస్తుంది. అలాగే మా మనవడి స్నేహితుడి చెయ్యి నేరేడుపండు రంగుకు తిరగడం కూడా ఈ రెండో కట్టు పనే. మరి నాలుగు చుట్లు బిగించి ఉంటే అది మొదటి కట్టు అయ్యేది.

దీన్నే ఇంకో విధంగా చెబుతాను. వరిమడికి పైన ఒక మడవ ఉంటుంది, కింద ఒక మడవ ఉంటుంది. పై మడవలోనుంచి నీళ్ళు వస్తాయి, కింది మడవలోనుంచి పోతాయి. రైతు కింది మడవ మూసి, పై మడవ కొద్దిగా తెరిచి ఉంచితే మడి నిండుతుంది. పై మడవ కూడా మూసేస్తే పైరు ఎండుతుంది. సాతో పద్ధతిలో చేసేది మొదటి పని. సిరలు మూసుకోవాలి, ధమని కొంత తెరిచి ఉండాలి. రెండూ మూసేస్తే కండకు మిగిలేది ఎండే.

నిదానం కూలీలు, దూకుడు కూలీలు

"సరే తాతయ్యా! రక్తం నిలవ ఉంటే కండ ఎందుకు పెరగాలి?" అని మా మనవడు అడిగాడు. మంచి ప్రశ్నే.

మీ దండచేతిలోని కండను ఒక పెద్ద ధాన్యపు కొట్టు అనుకోండి. అందులో రెండు రకాల కూలీలున్నారు. మొదటి రకం నిదానం వాళ్ళు. తేలిక బరువులు మోస్తారు. అలసిపోకుండా పొద్దస్తమానం పనిచేస్తారు. కాని వాళ్ళకు ఎప్పటికప్పుడు ఆక్సిజన్ అందుతూ ఉండాలి. రెండో రకం దూకుడు వాళ్ళు. కొండంత మూటలు ఎత్తుతారు, త్వరగా అలసిపోతారు. వాళ్ళు కొంతసేపు ఆక్సిజన్ చాలినంత లేకపోయినా పని లాగించగలరు. కండరంలోని సన్నని పోగులలో నిజంగానే ఈ రెండు రకాలున్నాయి. బలంగా లావుగా పెరగడానికి ఎక్కువ వీలున్నవి దూకుడు పోగులు.

మెదడు మంచి మేస్త్రీ. చిన్న పనికి నిదానం వాళ్ళనే పిలుస్తుంది. బరువు పెద్దదైతేనే దూకుడు వాళ్ళను లేపుతుంది. అందుకే పుస్తకం ఎత్తితే కండ పెరగదు. తాలింఖానాలలో సంగడీలు తిప్పేవాళ్ళు నానాటికీ బరువు పెంచుతూ పోయేది ఇందుకే. ఒక మనిషి తన బలమంతా పెట్టి ఒక్కసారి మాత్రం ఎత్తగల బరువు 10 కిలోలనుకోండి. కండ బాగా పెరగాలంటే అతను సుమారు 7 కిలోల బరువుతో సాధన చేయాలని వ్యాయామ శాస్త్రం చెబుతూ వచ్చింది.

ఇప్పుడు పట్టీ కట్టుకుని 2 లేక 3 కిలోలు మాత్రమే ఎత్తుతున్నాడనుకోండి. మేస్త్రీ మామూలుగా నిదానం వాళ్ళనే పిలుస్తుంది. కాని వచ్చే రక్తం తగ్గింది గనక వాళ్ళకు ఆక్సిజన్ చాలదు. పోయే దారి మూసుకున్నది గనక పనిలో పుట్టిన ఆమ్లాలూ, ఇతర మలినాలూ అక్కడే నిలిచిపోతాయి. కండ భగ్గుమని మండుతుంది. నిదానం వాళ్ళు త్వరగా చతికిలబడతారు. పని ఆగకూడదు గనక మేస్త్రీ దూకుడు వాళ్ళను కేకేస్తుంది. మూట చిన్నదే అయినా దూకుడు వాళ్ళకు కసరత్తు దొరుకుతుందన్నమాట!

దీనితోపాటు కండ పోగులలోకి నీరు చేరి అవి ఉబ్బడం కూడా పెరుగుదలకు ఒక ప్రేరణ అని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. రక్తంలో పెరుగుదల హార్మోను బాగా ఎక్కువవుతుందని 2000లో జపాను శాస్త్రజ్ఞులు చూశారు. అదే అసలు కారణమని చాలామంది మొదట అనుకున్నారు. తరువాత జరిగిన పరిశోధనలలో కండ పెరగడానికి ఆ హార్మోను పాత్ర స్వల్పమని తేలింది. శాస్త్రంలో ఇలా జరుగుతూనే ఉంటుంది. ఒకరు చెప్పినదాన్ని మరొకరు పరీక్షించి సరిదిద్దుతారు. తప్పు తేలినందుకు సిగ్గుపడవలసిన పని లేదు.

ఇది ఎవరికి పనికివస్తుంది?

టోకియో విశ్వవిద్యాలయంలో నవోకాత ఇషీ అనే ఆచార్యుడూ, ఆయనతో పనిచేసినవారూ ఈ పద్ధతిని సక్రమంగా పరీక్షించారు. 2000లో ప్రకటించిన ఒక పరిశోధనలో వయసు మళ్ళిన స్త్రీలచేత 16 వారాలపాటు మోచేయి మడిచే కసరత్తు చేయించారు. పట్టీతో తక్కువ బరువు ఎత్తినవారికి దండచేతి కండ సుమారు 20 శాతం పెరిగింది. పట్టీ లేకుండా ఎక్కువ బరువు ఎత్తినవారికి సుమారు 18 శాతం పెరిగింది. పట్టీ లేకుండా తక్కువ బరువు ఎత్తినవారికి 7 శాతమే పెరిగింది. ఈ మూడో గుంపును ఎందుకు పెట్టారో ఆలోచించండి. అది లేకపోతే, పెరుగుదల పట్టీవల్ల వచ్చిందో, ఆ చిన్న బరువువల్లనే వచ్చిందో తెలిసేది కాదు.

2006లో ప్రకటించిన మరొక పరిశోధనలో యువకులను తొడలకు పట్టీలు కట్టి నడిపించారు. పరుగు కాదు, నిమిషానికి 50 మీటర్ల చొప్పున నెమ్మది నడక. మూడు వారాలలో వాళ్ళ తొడ కండలు పెరిగాయి. పట్టీ లేకుండా అంతే నడిచినవాళ్ళకు పెరగలేదు. 2007లో అమెరికాలోని టెక్సాసులో జరిగిన పరిశోధనలో, పట్టీతో తేలిక బరువు ఎత్తిన మూడు గంటలలోపల కండలో మాంసకృత్తుల తయారీ సుమారు 46 శాతం హెచ్చినట్టు కనుగొన్నారు.

మరి కుస్తీవీరులందరూ బరువులు పారేసి పట్టీలు కట్టుకోవచ్చునా? అక్కరలేదు. ఆ తరువాత జరిగిన ఎన్నో పరిశోధనలను కలిపి చూస్తే, కండ పరిమాణం రెండు పద్ధతులలోనూ దాదాపు సమంగానే పెరుగుతున్నది. బలం మాత్రం పెద్ద బరువులు ఎత్తినవారికే ఎక్కువగా వస్తున్నది. కాబట్టి పెద్ద బరువు ఎత్తగలవాడికి దీనితో అంత అవసరం లేదు. 2021లో జరిగిన టోకియో ఒలింపిక్సులో కొందరు ఆటగాళ్ళు ఇటువంటి పట్టీలు కట్టుకుని కనిపించడంవల్ల దీనికి పేరు హెచ్చింది, అంతే.

దీని అసలు విలువ పెద్ద బరువు ఎత్తలేనివాడి దగ్గర ఉన్నది. మోకాలికి ఆపరేషను అయినవాడు పది కిలోలు ఎత్తితే కుట్లూ, కట్లూ తెగిపోవచ్చు. ఎత్తకపోతే తొడ కరిగిపోతుంది. కీళ్ళు అరిగిన అవ్వ బరువు ఎత్తలేదు. ఎత్తకపోతే లేచి నిలబడే బలం కూడా పోతుంది. ఇటువంటివారిచేత ఫిజియోథెరపిస్టులు తమ ఎదుట, తేలిక బరువుతో ఈ సాధన చేయిస్తారు. కాలు ముడుచుకుని కూర్చున్న ఒక కుర్రవాడికి కలిగిన సందేహం, మంచాన పడినవాళ్ళను మళ్ళీ నడిపించడానికి పనికివచ్చిందంటే గొప్ప విషయమే గదా!

కొలత తెలియాలి

ఇప్పుడు పురికొస సంగతికి వద్దాము. ఫిజియోథెరపిస్టు కట్టే పట్టీకీ, పురికొసకూ తేడా ఏమిటి?

మొదటి తేడా వెడల్పు. ఆ పట్టీ వెడల్పుగా ఉంటుంది గనక తక్కువ ఒత్తిడితోనే పని జరుగుతుంది. సన్నని త్రాడు ఒకేచోట కోసుకుపోతుంది. దాని కింద ఉన్న నాడీతంతువులు నలుగుతాయి. వేళ్ళు మొద్దుబారిపోవచ్చు.

రెండో తేడా కొలత. డాక్టరుగారు రక్తపోటు చూసేటప్పుడు చేతికి పట్టీ చుట్టి గాలి నింపుతారు గదా! ఇక్కడా అలాగే గాలి పట్టీ వాడతారు. ఆ మనిషి ధమనిని పూర్తిగా మూయడానికి ఎంత ఒత్తిడి కావాలో ముందు కొలుస్తారు. తరువాత అందులో 40 నుంచి 80 శాతం వరకే పెడతారు. ఈ కొలత ఒక్కొక్కరికి ఒక్కొక్క విధంగా ఉంటుంది. లావు చేతికి ఒకటి, సన్నచేతికి ఒకటి. పురికొసకు శాతాలు ఎలా తెలుస్తాయి?

మూడో తేడా కాలం. మామూలుగా మొదట 30 సార్లు, తరువాత మూడు విడతలుగా 15 సార్ల చొప్పున తేలిక బరువు ఎత్తిస్తారు. నడుమ అర నిమిషమో, నిమిషమో విశ్రాంతి. అయిపోగానే పట్టీ విప్పేస్తారు. మా మనవడి స్నేహితుడి ముడి విప్పబోతే రానే రాలేదని చెప్పాను గదా!

ఇంత జాగ్రత్తతో చేసినా ఇబ్బందులు లేకపోలేదు. జపానులో ఈ సాధన చేసిన 12 వేలమందికి పైగా మనుషులనుగురించి వివరాలు సేకరించి 2006లో ప్రకటించారు. చర్మం కింద రక్తం కమిలి మచ్చలు పడినవారు నూటికి 13 మంది ఉన్నారు. కొందరికి తిమ్మిర్లు వచ్చాయి. రక్తం గడ్డకట్టడం బహు అరుదు, కాని అది కూడా జరిగింది. గుండె జబ్బు, అధిక రక్తపోటు, ఉబ్బు సిరలు, రక్తం గడ్డకట్టే స్వభావం ఉన్నవారూ, గర్భిణీ స్త్రీలూ డాక్టరు చెప్పకుండా దీని జోలికి పోరాదు.

పిల్లల మాట వేరే చెప్పాలా? ఈ పరీక్షలు దాదాపు అన్నీ పెద్దవాళ్ళమీద జరిగినవే. మీకు ఇది వద్దే వద్దు. త్రాడుగాని, రబ్బరుగాని, బెల్టుగాని, చున్నీగాని, చేతికీ కాలికీ సరదాకైనా బిగించవద్దు. మెడకు మాట చెప్పనే అక్కరలేదు.

నా వల్ల జరిగిన పొరపాటు

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో, మా మనవడికి ఇంతవరకు చెప్పని సంగతి ఒకటి ఆ రోజు చెప్పాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక చిన్న పల్లెటూళ్ళో పనిచేసేవాణ్ణి. ఒకనాటి సాయంకాలం ఏడో తరగతి పిల్లవాణ్ణి చెరువుగట్టుమీద పాము కరిచింది, కుడిచేతి మీద. ఊరివాళ్ళు పామును చంపి, పిల్లవాణ్ణి నా దగ్గరకు ఎత్తుకువచ్చారు. విషం పైకి ఎక్కకుండా కట్టు కట్టాలని నేను ప్రథమ చికిత్స పాఠంలో చదువుకున్నాను. ఆ రోజుల్లో అలాగే నేర్పేవారు. మోకు తెచ్చి, మోచేతికి పైన ఇద్దరం కలిసి బిగించాము. బిగించిన చేతులలో ఒకటి నాది. వాగు పొంగి బండి దాటలేదు. ఆసుపత్రి చేరేసరికి తెల్లవారింది. పిల్లవాడి చెయ్యి నల్లబడి మంచులాగా చల్లగా ఉన్నది.

డాక్టరుగారు మేము గోనెలో తెచ్చిన పామును చూశారు. అది నీరుకట్టె. దానికి విషమే లేదు. పాము ఆ పిల్లవాణ్ణి ఏమీ చేయలేదు. మా మోకు చేసింది. మూడు వేళ్ళు తీసివేయవలసి వచ్చింది.

తరువాత ఆ పిల్లవాడు ఎడమచేత్తో రాయడం నేర్చుకుని పదో తరగతి పరీక్ష ప్యాసయ్యాడు. నన్నెప్పుడూ ఒక్క మాట అనలేదు. ఇప్పటికీ ఎదురైతే "నమస్కారం మాస్టారూ" అని రెండు చేతులూ జోడిస్తాడు. నేను మాత్రం ఆ చేతివంక చూడలేను.

కనక పిల్లలూ, పెద్దలారా, దీన్ని బాగా జ్ఞాపకం ఉంచుకోండి. పాము కరిస్తే ఇప్పుడు త్రాడు బిగించకూడదు. కోయకూడదు, నోటితో పీల్చకూడదు. కరిచినవారిని ధైర్యం చెప్పి పడుకోబెట్టాలి. ఉంగరాలు, గాజులు, గడియారం తీసివేయాలి. ఎముక విరిగినప్పుడు కట్టినట్టు బద్ద పెట్టి, వదులుగా గుడ్డ చుట్టి, ఆ చెయ్యి లేక కాలు కదలకుండా ఉంచాలి. వెంటనే 108కి ఫోను చేసి, విషానికి విరుగుడు సూది ఉండే ఆసుపత్రికి తీసుకుపోవాలి. పామును పట్టడానికీ, చంపడానికీ ఆలస్యం చేయవద్దు. ఎవరైనా ముందే గట్టిగా కట్టు కట్టి ఉంటే, దారిలో తటాలున విప్పవద్దు. ఆగి ఉన్న విషం ఒక్కసారిగా పైకి పోవచ్చు. డాక్టరు సమక్షంలోనే విప్పాలి.

ఇంట్లో చేసి చూడండి

రక్తం ఎలా పారుతుందో చూడడానికి త్రాడు అక్కరలేదు. రెండు చిన్న ప్రయోగాలు చెబుతాను.

ఒకటి: కుడిచెయ్యి తలపైకి ఎత్తి, ఎడమచెయ్యి కిందికి వేలాడదీసి, మెల్లగా 60 వరకు లెక్కపెట్టండి. తరువాత రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూడండి. ఏది ఎర్రగా ఉన్నది? ఏ చేతిమీద సిరలు లేచాయి? ఎందుకు?

రెండు: ఇది హార్వే చేసిన ప్రయోగమే. మీ తాతగారినో, నాన్నగారినో చెయ్యి కిందికి వేలాడదీయమనండి. ముంజేతిమీద ఉబ్బిన సిర ఒకటి చూసుకోండి. మణికట్టు వైపున దానిమీద ఒక వేలుతో నొక్కి పట్టండి. రెండో వేలుతో అక్కడినుంచి మోచేతివైపుకు సిరను మెల్లగా రాసి, ఆ వేలు తీసివేయండి. రాసినంతమేర సిర ఖాళీగా కనిపిస్తుంది. పైనున్న రక్తం కిందికి జారిరాదు. సిరలలో చిన్న చిన్న తలుపులున్నాయి. వాటిని కవాటాలంటారు. గుండెవైపుకు పోయే రక్తానికి అవి తెరుచుకుంటాయి, వెనక్కి వచ్చేదానికి మూసుకుంటాయి. ఇప్పుడు మణికట్టు దగ్గరి వేలు కూడా తీయండి. కిందినుంచి సిర ఎలా నిండుతుందో చూడండి. తాతగారి చేతిమీద అయితే బాగా కనిపిస్తుంది. మీ చేతులమీద కనిపించకపోతే నిరుత్సాహపడకండి.

ఇక కండలు కావాలంటారా? అయిదు నుంచి పదిహేడు ఏళ్ళ పిల్లలు రోజుకు సగటున కనీసం 60 నిమిషాలు ఒళ్ళు అలిసేట్టు ఆడుకోవాలనీ, వారానికి మూడు రోజులైనా కండలకూ ఎముకలకూ బలమిచ్చే కసరత్తు చేయాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. చెడుగుడు ఆడండి. చెట్టెక్కండి. దండీలు, బస్కీలు తీయండి. పప్పు, గుడ్డు, పాలు, వేరుసెనగలు తినండి.

మా మనవడి స్నేహితుడి చెయ్యి అరగంటలో మామూలు రంగుకు వచ్చింది. నాడి చూశాను. వేళ్ళు ముడిచి, చాచమన్నాను. అన్నీ సరిగా ఉన్నాయి. ఆ సాయంకాలమే వాళ్ళమ్మగారితో జరిగింది చెప్పాను. ఆమె కొట్టబోతే, "కొట్టవద్దమ్మా. వాడు అడిగింది మంచి ప్రశ్న. అడగకుండా చేసినదే తప్పు," అన్నాను.

ఇప్పుడు వాడు రోజూ పొద్దున్నే మా వసారాలో మా మనవడితో కలిసి దండీలు తీస్తున్నాడు. మొదటిరోజు నాలుగు తీశాడు. నిన్న పదకొండు తీశాడు. లెక్క నేనే పెడుతున్నాను.